ప్రవాసలేఖలయందు కృతజ్ఞతాశబ్దార్థవిచారము

కృతజ్ఞశబ్దమునకు 'కృతమును ఎఱుగువాడు' అని విగ్రహము. కర్మ యుపపదముగా నుండగా ఆకారాంతధాతువునకు కప్రత్యయమును విధించి పాణిని యీ రూపసిద్ధికి మార్గము చూపెను. ఇందు గమనింపదగినది ధాత్వర్థము. ధాతువు జ్ఞానార్థకము, దానార్థకము గాదు, వచనార్థకమును గాదు. కావున మేలునకు మాఱుమేలు చేయువాడు ప్రత్యుపకర్త యగును. మేలును నోరార పొగడువాడు స్తోత యగును. చేయబడినది యేదియో, అది యెవ్వరిచే నెంత శ్రమతో చేయబడినదో యెఱిగినవాడే కృతజ్ఞుడగును. వ్యాకరణమున నింత స్పష్టమైన యీ యర్థము లోకవ్యవహారమునను కావ్యవ్యవహారమునను మఱుగుపడినది. పొట్టకూటికై యిల్లు విడిచి దూరదేశమున పనిచేయువాడు తనవారి తోడ్పాటును తలచుకొను సందర్భమున నీ మఱుగు మిక్కిలి దట్టము. హైదరాబాదు పాతబస్తీనుండి గల్ఫుదేశములకు పోయినవారి లేఖారీతిని ప్రాచీనకావ్యరీతితో పోల్చి, యీ యర్థమును విచారించుట ప్రకృతవ్యాసమునకు ప్రయోజనము.

మూసీనదికి దక్షిణమున, 1591లో చార్మినారుతోబాటు వెలసిన యీ నగరభాగమునకు వలస క్రొత్త గాదు. చాంద్రాయణగుట్ట చెంతనున్న బార్కసను పేటయే యిందులకు సాక్ష్యము. సైనికుల వసతిశాలలకు ఆంగ్లమున గల పేరే జనుల నోట నట్లు మాఱినది. యెమెనుదేశమందలి హద్రమౌతు ప్రాంతమునుండి నిజాముల కొలువునకు వచ్చిన అరబ్బు సైనికులు నివసించిన చోటది. 1948 సెప్టెంబరులో సైనికచర్య జరిగి సంస్థానప్రభుత్వము ముగిసిన పిదప ఆ కొలువులును పోయినవి. 1973 అక్టోబరు మొదలుగా కొలది నెలలలోనే చమురుధర నాలుగింతలకు చేరువగా పెరుగగా, సౌదీ అరేబియా, కువైటు, ఎమిరేట్లు, ఖతారు, ఒమాను, బహ్రెయిను దేశములలో కట్టడముల పని విస్తరించెను. తాపీపనివారు, వాహనచోదకులు, దర్జీలు, విద్యుత్పనివారు, లేఖకులు యాకుత్‌పురా, శాలిబండ, బార్కసు మున్నగు పేటలనుండి తరలిపోయిరి. తాత యే సముద్రమును దాటి పనికై యిటు వచ్చెనో మనుమ డా సముద్రమునే దాటి పనికై యటు పోయెను. తెలంగాణమున కరీంనగరు, నిజామాబాదు ప్రాంతముల పల్లెలనుండియు నీ ప్రవాహమే సాగినది. భాష వేఱైనను స్థితి యొక్కటే.

ఈ ప్రవాసులకు ఇంటితో సంబంధము చిరకాలము లేఖామూలకము. ఉర్దూలో వ్రాసినను తెలుగులో వ్రాసినను ఆ లేఖల యెత్తుగడ యొక్క తీరుననే యుండును. తెలుగువారు 'ఉభయకుశలోపరి' యని మొదలిడుదురు. ఉర్దూవారు ఖైరియత్తు చెప్పి ఖైరియత్తు కోరుదురు. చదువెఱుగని తల్లి చెప్పుచుండగా బడికి పోవు పిల్లలెవ్వరో వ్రాయుట పరిపాటి. కొంతకాలమునకు టేపుకాసెట్టులలో మాటలు నింపి, సెలవుపై వచ్చిపోవు వారి చేతికిచ్చి పంపు వాడుక గల్ఫు ప్రవాసులలో ప్రబలెను. పిదప దూరవాణి వచ్చెను. ఇప్పుడు చేతిలోని యంత్రమున ముఖమును జూచుచునే మాటలాడుకొనుచున్నారు. సాధన మెంత మాఱినను తొలివాక్యము మాఱలేదు: ఇచ్చట అందరము క్షేమము.

ఈ వాక్యము విమర్శకు ముఖ్యస్థానము. దీని వాచ్యార్థము స్పష్టము. కాని యింట నందరును క్షేమముగా నున్న దినమున మాత్రమే యిది వ్రాయబడుట లేదు. మామగారికి జ్వరము తగిలిన నాడును, అప్పులవాడు గడప త్రొక్కిన నాడును, బిడ్డ పరీక్ష తప్పిన నాడును ఈ వాక్యమే వ్రాయబడును. దూరమున నున్నవాని మనసు చెదరినచో వాని పని చెడునని యింటివారి భయము. ఆవలినుండి వచ్చు ఉత్తరమునను ఇదే వాక్యము. ఎండలో నిలిచి చేసిన పనియు, ఒక్క గదిలో పలువురు సర్దుకొన్న రాత్రియు నందుండవు. ఇరుప్రక్కల వారును దాచుచున్నారు. దాచుటయే యొండొరులకు చేయు సాయము.

ఆలంకారికులు దీనిని సులభముగ గ్రహింపగలరు. వాచ్యము విధిరూపమై యుండగా వ్యంగ్యము నిషేధరూపమై తోచుటను ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున తొలి యుదాహరణములలోనే నిరూపించెను. 'అందరము క్షేమము' అను మాటకు 'నీవు కలత పడకుండుటకై మేమిచ్చట నెంతయో మోయుచున్నాము' అనునది వ్యంగ్యము. అయితే వ్యంగ్య మెల్లవారికిని తోచదు. వక్త యెట్టివాడు, బోద్ధవ్యు డెట్టివాడు, దేశ మెట్టిది, కాల మెట్టిది యని తెలిసినవానికే తోచునని మమ్మటుడు స్పష్టపఱచెను. తల్లి యక్షరములు నేర్వని దని యెఱిగి, ఆ మాసము వానకాలమని యెఱిగి, పెంకుటింటి యే మూల కురియునో యెఱిగినవానికే 'క్షేమము' అను పదములో వాననీరు కనబడును. కృతజ్ఞుడును సహృదయుడును వేఱు గారు. కావ్యమున వ్యంగ్యమును గ్రహింపనివా డరసికు డైనట్లే, లేఖలో దానిని గ్రహింపనివాడు కృతమెఱుగనివా డగును.

ఇక ప్రాచీనకావ్యరీతిని పరిశీలింపవలెను. ఇల్లు విడిచిపోయినవానిని గూర్చిన కావ్యములలో మేఘసందేశము తలమానికము. స్వాధికారమున ప్రమాదపడి, కుబేరుని శాపముచే నొక యేడు ఇల్లు బాసి రామగిరిని వసించు యక్షుడు మేఘుని దూతగా పంపును. ఉత్తరమేఘమున ఇంటనున్న భార్యను వర్ణించుచు, ఆమె కృశత్వమును, ఏకవేణిని, మిగిలిన దినములను లెక్కించుటకై గడపమీద పూవుల నుంచుటను చెప్పును. ఇది విప్లంభశృంగారమునకు పరాకాష్ఠ యనుటకు సందియము లేదు. కాని కృతజ్ఞతాదృష్టితో చదివినచో నొక లోపము తోచును. ఆమె యేమి యనుభవించుచున్నదో యక్షుడు చెప్పెను; ఏమి చేయుచున్నదో చెప్పుట మిక్కిలి తక్కువ. ఇంటి ముంగిట మందారపు మొక్కను ఆమె బిడ్డవలె పెంచినదని మాత్రమొక చోట చెప్పును. అదియు నింటిని పోల్చుకొనుటకు మేఘునికి చెప్పిన గుఱుతులలో నొకటి. పెంచినందులకు ప్రశంసగా చెప్పినది గాదు. మఱియొక విశేషము. కావ్యాంతమున యక్షుడు తన సందేశమును మోయబోవు మేఘునికి మెఱుపుతో నెన్నడును ఎడబాటు గలుగకుండుగాక యని శుభము పలుకును. సందేశమును మోయువానికి దీవెన లభించినది. ఇంటిని మోయుచున్న యామెకు ఊఱడింపు మాత్రమే లభించినది.

ఇది కాళిదాసుని దోషమని యెంచరాదు. శాస్త్రమే యట్టి త్రోవ చూపినది. అష్టవిధనాయికలలో ప్రోషితభర్తృక యొకతె. భర్త దేశాంతరగతుడైనపు డామెకు గలుగు చింత, జాగరము, కార్శ్యము మొదలగు నవస్థలను లాక్షణికులు వివరించిరి. అవస్థలన్నియు భావములే, పనులు గావు. నాయిక విరహము ననుభవించుచు నుండగా అత్తమామలకు అన్నము వండినది యెవ్వరు, బిడ్డను బడికి పంపినది యెవ్వరు అను ప్రశ్నకు లక్షణగ్రంథములలో తావు లేదు. రసమునకు విభావాదులు కావలెను గాని గృహకృత్యముల పట్టిక యేల యని యెవ్వరైన నడుగవచ్చును. రసదృష్టిచే నది సమంజసమే. అయితే, విరహవర్ణనమునే కృతజ్ఞతగా భ్రమించుట సమంజసము గాదు. 'నీవు లేక నా కిచ్చట తోచుట లేదు' అను మాట ప్రేమవాక్యము. 'నీవు చేసినదానిచే నేనిచ్చట నిలువగలిగితిని' అను మాట కృతజ్ఞతావాక్యము. మొదటిది వ్రాసినవానికి తన మనసు తెలిసిన చాలును. రెండవది వ్రాయుటకు ఎదుటివారి పని తెలియవలెను.

ఈ లోపమును మన దేశమున పూరించినవారు పండితులు గారు, స్త్రీలు. తెలుగు స్త్రీల పాటలలో ఊర్మిళాదేవి నిద్ర ప్రసిద్ధము. లక్ష్మణుడు పదునాలుగేండ్లు అన్నకు పరిచర్య చేయుటకై యడవికి పోయెను. వాల్మీకిరామాయణమున ఊర్మిళ ప్రసక్తి మిక్కిలి యల్పము. పాటలో నామె పదునాలుగేండ్లును నిద్రించును. లక్ష్మణుని నిద్రయు నామెయే స్వీకరించినందున నతడు మేల్కొనియుండ గలిగెనని జనశ్రుతి. ఆ దృష్టితో చూచినచో లక్ష్మణుని జాగరమునకు ఊర్మిళనిద్ర కారణమగుచున్నది. లోకము సేవకుని మెచ్చినది. ఆ సేవకు మూలమైనది యంతఃపురమున నెవ్వరికి కానరాక పడియున్నది. పాటలో దీనిని మొదట తలచినది సీత. పట్టాభిషేకానంతరము ఆమెయే, లక్ష్మణుని ఊర్మిళకడకు పంపవలెనని రామునికి గుర్తుచేయును. సేవ పొందినది, ఆ సేవ వెనుక నున్నదానిని ఎఱిగినది. అనంతరము లక్ష్మణుడు పోగా, మేల్కొనిన ఊర్మిళ యతనిని గుర్తింపక పరపురుషుడని వెఱచును. దీర్ఘప్రవాసమునుండి మరలివచ్చిన తండ్రిని జూచి బిడ్డ తల్లి కొంగుచాటునకు పోవుట నెఱిగిన పాతబస్తీ యిండ్లకు ఈ ఘట్టము వ్యాఖ్యాన మక్కఱలేనిది.

పొరుగున కేరళమున 1970వ దశకమున ఎస్. ఎ. జమీలు మలయాళమున రచించిన దుబాయి లేఖాగీతమును ఇచ్చట స్మరింపదగును. గల్ఫున నున్న భర్తకు భార్య వ్రాయు నుత్తరముగా నది సాగును. భర్త యిచ్చు మాఱుటుత్తరమును ఆ కవియే రచించెను. ప్రోషితభర్తృక యిందు వర్ణింపబడునది మాత్రమే కాక తానే వక్త్రి యైనది. ఒక యుత్తరముతో కావ్యము ముగియక, దానికి ప్రత్యుత్తర మవసరమైనదను టే ముఖ్యము. యక్షపత్ని ప్రత్యుత్తరము మన కెన్నడును అందలేదు.

ఇప్పుడు కారకవిచారము. 'కొడుకు తల్లికి ధనమును పంపెను' అను వాక్యమున కొడుకు కర్త, ధనము కర్మ, తల్లి సంప్రదానము. బ్యాంకు పత్రములలోను, లోకుల నోళ్లలోను ఈ యొక్క వాక్యమే వినబడును. దీనినిబట్టి యింటివారు పుచ్చుకొనువారు. ప్రవాసి యొక్కడే చేయువాడు. కాని కారకములు వస్తుస్వభావముచే గాక వక్త వివక్షచే నేర్పడునని వైయాకరణులు చెప్పుదురు. వంట జరుగు స్థాలి అధికరణము. అయినను 'స్థాలి వండుచున్నది' యన్నచో నదియే కర్త. కావున తల్లి సంప్రదానమా కర్తయా యనునది వాక్యము చెప్పువాని దృష్టిపై నాధారపడి యున్నది. చేయువానిని ప్రేరేపించువానికి హేతువనియు కర్త యనియు రెండు సంజ్ఞలును పాణిని యిచ్చెను. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ఇంచుక్కును విధించి చేయువానిని చేయించువానినుండి వేఱుపఱచెను. ప్రవాసమున వీరిలో నెవ్వరు చేయించువారు?

వాస్తవమును పరిశీలించినచో నుత్తరము దొరకును. వీసాకును, మధ్యవర్తికిని, విమానమునకును కావలసిన సొమ్ము తఱచుగా తల్లి నగ తాకట్టుపెట్టియో, బంధువుల యొద్ద చేబదులు దెచ్చియో కూర్చబడును. తొలినెలల సంపాదన ఆ యప్పునకే పోవును. ఆ కాలమున నింటిని నడపునది యింటివారి పనియే. జరీకుట్టుట, లాడ్‌బజారు గాజులకు రాళ్లు పొదుగుట, అగరువత్తులు చుట్టుట మొదలగు పనులు పాతబస్తీ స్త్రీలు ఇంటనే కూర్చుండి చేయుదురు. కుళాయికి నీరు వచ్చు వేళకై మేల్కొనుటయు, ముదుసలులను ఉస్మానియా యాసుపత్రికి తోడ్కొనిపోవుటయు నీ పనులతో చేరును. అనగా, కొడుకు పంపకముందే తల్లి కొడుకును పంపినది. 'తల్లి కొడుకుచేత సంపాదింపించినది' అనుటయే వాస్తవమునకు దగిన వాక్యము. సంప్రదానముగా నెంచబడినది ప్రయోజకకర్త యని యెఱుగుటయే, వైయాకరణపరిభాషలో, కృతజ్ఞత.

ఆపత్కాలమున నీ సత్యము బయటపడును. 1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు కువైటు నాక్రమించిన పిదప సుమారు 1,70,000 మంది భారతీయులు విమానములలో స్వదేశమునకు తేబడిరి. పెక్కుమంది కట్టుబట్టలతో వచ్చిరి. 2017 జులై మొదలు సౌదీ అరేబియాలో ప్రవాసుల యాశ్రితులపై తలకు నెలకు 100 రియాళ్ల రుసుము విధింపబడి యేటేట పెరుగగా, పలువురు తమ భార్యాబిడ్డలను వెనుకకు పంపిరి. రెండు వేళలను వచ్చినవారి కన్నము పెట్టినవి ఇక్కడి యిండ్లే. ధనప్రవాహము నిలిచిన నాడును ఆ యిండ్లు నిలిచినవి కావున, అవి ధనముచేతనే నిలిచియుండలేదని తేలుచున్నది.

ఇచ్చట నొక పూర్వపక్షము. తల్లికిని, ఆలికిని, తోబుట్టువులకును కృతజ్ఞత చెప్పుట యేమి? ధన్యవాదము పరాయివారికి చెప్పదగినది. అయినవారికి చెప్పిన వారిని పరులను చేసినట్లగును. తెలుగు కుటుంబములలో నెవ్వరును తల్లికి ధన్యవాదములు చెప్పి యెఱుగరు.

సమాధానము. ఈ యాక్షేపము ధన్యవాదమునకు తగులును గాని కృతజ్ఞతకు తగులదు. ధన్యవాదము వాదము, అనగా పలుకు, కృతజ్ఞత జ్ఞానము. పలుకక యెఱుగుట పొసగును. ఎఱుగక పలుకుటయు, దురదృష్టవశమున, పొసగును. తల్లితో నా మాట చెప్పకుండుట లోపము గాదు. ఆమె చేసినది తెలియకుండుట లోపము. పాతబస్తీ వాడుకలో గల మూడు భాషల సంపద యీ భేదమును బలపఱచుచున్నది. సంస్కృతమున కృతఘ్నుడు చేసిన మేలును చంపువాడు. అరబ్బీలో కృతఘ్నతను చెప్పు కుఫ్రాను అను మాటకు మూలధాతువు కప్పుటను బోధించును. ఆ వ్యుత్పత్తిచే కృతఘ్నుడు మేలును కప్పిపుచ్చువాడు. పారసీనుండి ఉర్దూలో చేరిన ఎహసాన్‌ఫరామోషు మేలును మఱచువాడు. చంపుట, కప్పుట, మఱచుట — మూడును ఎఱుకకు విరోధులే. మాఱుమేలు చేయకుండుట గాని, నోట మెచ్చకుండుట గాని యే భాషయందును ఈ దోషమునకు పేరు కాలేదు.

రెండవ పూర్వపక్షము. పంపిన ధనమే కృతజ్ఞత గాదా? మాటలకన్న మనియార్డరు మేలు గదా? ధనము కావలసినదే, దానిని తక్కువ చేయుట యవివేకము. కాని యది ప్రత్యుపకారము. ఉత్తరకాండమున రాముడు హనుమంతుని వీడ్కొలుపుచు, నీ చేసిన మేలు నాయందే జీర్ణమగుగాక యను నభిప్రాయమును వెల్లడించెను. ప్రత్యుపకారము పొందుటకు మనుజుడు ఆపదలో పడవలెను. కావున బదులు తీర్చ గోరుట మేలు చేసినవాని కాపద గోరుటయే యగునని యాతని తలపు. వాల్మీకి నారదుని నడిగిన గుణములలో కృతజ్ఞత యొకటి. ఆ గుణముగల పురుషుడు ఋణము తీర్పక మోయుటను కోరెను. తల్లి ఋణము తీఱినదని యొక్క మనియార్డరుతో సంతృప్తి చెందువాడు లెక్క ముగించినవాడు. ఎఱుక గలవానికి లెక్క ముగియదు.

ఈ విచారముచే ప్రవాసలేఖల గుణదోషములను నిర్ణయించుట కొక ప్రమాణ మేర్పడుచున్నది. లేఖలో పొగడ్త యెంత యున్నదని గాక, ఎఱుక యెంత యున్నదని చూడవలెను. ఎఱుకకు గుఱుతు విశేషము. 'మీ త్యాగము మఱపురానిది' యను వాక్యము ఎవ్వ రెవ్వరికైనను వ్రాయవచ్చును. 'అవ్వ కంటిమందు అయిపోవచ్చినదా? చెల్లెలు ఇంకను నీటికై తెల్లవారకముందే లేచుచున్నదా? తాకట్టులోని గొలుసు విడిపించితిరా?' అను ప్రశ్నలు ఒక్క యింటికి మాత్రమే వ్రాయదగును. ఇందు కృతజ్ఞతాశబ్దము లేదు, స్తుతి లేదు. కాని చేయబడినది యెఱుగబడినది. లక్షణమున మొదటిదానికి కృతజ్ఞతాలేఖ యను పేరు. లక్ష్యమున నా పేరు రెండవదానికే చెల్లును.

నేడు లేఖ తగ్గినది. 2013 జులైలో తంతివార్తలును నిలిచిపోయినవి. ముఖము చూచి మాటలాడు వసతి కలిగినందున ఎఱుక పెరిగినదని భావించుట తొందరపాటు. తెరమీద ముఖము కనబడును గాని, తెర కావలనున్న పొయ్యియు, నీటిబిందెయు, అప్పులచీటియు కనబడవు. ఆ ముఖమును 'అందరము క్షేమము' అనియే చెప్పును. కావున వ్యంగ్యమును గ్రహింపవలసిన భారము తొలగలేదు. బడులలో లేఖారచనను బోధించు పండితులు సంబోధనమును, క్షేమవాక్యమును, ముగింపును నేర్పి విడువక, దూరమున నున్నవానికి ఇంటి పనిని గూర్చి యొక్క విశేషమైన ప్రశ్న యైనను వేయుట నేర్పినచో, శబ్దార్థము బాలుర మనసున నిలుచును. ఊర్మిళను తలచిన సీత చేసినది అంతమాత్రమే. ఈ నిర్ణయమందలి యుక్తాయుక్తములను విజ్ఞులు పరిశీలింతురు గాక.